అష్టమి నాటి జీపులు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు జువ్వలదిన్నె తీరాన ఫ్లాస్కులోని టీ గ్లాసుల్లో పోస్తున్నాను. పాత జీపులున్నవాళ్లం ఏటా అక్కడ కలిసి, ఇసుకలో బండ్లు నడిపి, భోంచేసి వస్తాం. తేదీ పెట్టేది మావారు. ప్రతిసారీ అష్టమే. "అష్టమి కష్టాలకు నా టైర్లే దొరికినాయా?" అని మాలో ఒకరైన రమణయ్యగారు సణిగేవారు. మావారు నవ్వి ఊరుకునేవారు.

మావారు చనిపోయిన ఏడాది ఆ కలయిక ఆగిపోకూడదని నేనే పూనుకున్నాను. అందరూ మెచ్చేలా పౌర్ణమి పెట్టాను.

టీ చల్లారకముందే ఒక అల నా చెప్పులు పట్టుకుపోయింది. తర్వాతి అలకు మావారి జీపు చక్రాలు సగందాకా దిగబడ్డాయి. తాడు కట్టి లాగబోయిన రమణయ్యగారి జీపూ పక్కనే కూరుకుపోయింది. మావారు అంత ప్రేమగా చూసుకున్న బండిని నా చేతులతో సముద్రానికి ఇచ్చేశానని ఏడుపొచ్చింది.

వల లాగుతున్న జాలర్లు పరుగున వచ్చారు. వలతాడే బండికి కట్టి, అందరూ ఒక్కసారిగా లాగారు. "చేపలేమన్నా పడినాయేమో చూడండ్రా!" అన్నాడు వాళ్ల పెద్ద పోలయ్య. రెండు జీపులూ గట్టెక్కాక నావైపు తిరిగాడు.

"ఏందక్కా, పున్నమి పోటులో బండ్లు దించినారే! అన్న నన్నడిగే గదా అష్టమికి పెట్టేది. ఆ రోజు నీళ్లు ఇంత పైకి రావు."

నడుందాకా తడిసిన రమణయ్యగారు, "ఇన్నేళ్లూ ఒక్కమాట చెప్పలేదే ఆ మనిషి!" అన్నారు.

"మీరెవురన్నా అడిగితే గదా!" అన్నాడు పోలయ్య.

నేనూ అడగలేదు. ఇప్పుడు తేదీ పోలయ్య చెబుతాడు. మా జీపులకు మంచిరోజు చూడటం మానేశాం.