గోడచాటున గడిచిపోయిన ఆదివారం

నేను ఎనిమిదో తరగతి మూడేండ్లు చదివినాను. అంత నిదానంగా చదివినవాడికి ఇంక తొమ్మిదితో పనేముందని మా అయివారే తేల్చి చెప్పి ఇంటికి పంపించేసినాడు. అటువంటి పండితుణ్ణి మొన్నొక శనివారంనాడు బెంగుళూరులో మా కూతురు ఒక పెద్ద మాలుకు పిలుచుకుపోయి, తమంతట తామే పైకి పోయే మెట్ల ముందర నిలబెట్టి ఎక్కమనింది. కుడికాలు పెట్టినాను. ఎడమకాలికి మంచి ఘడియ కోసం ఎదురుచూస్తా ఉండి, భయమేసి పెట్టిన కాలు కూడా వెనక్కి లాక్కున్నాను. కాలు వచ్చింది గాని చెప్పు రాలేదు. అది ఒక్కటే దర్జాగా పై అంతస్తుకు పోయింది. నేను ఒంటిచెప్పుతో లిఫ్టులో దాని వెనకాల పోయినాను.

పైన ఒక బెంచీ ఉంది. దానిమీద ఏమీ రాసిపెట్టలేదు గాని, అది సంచులు కాపలా కాసే మొగుళ్ళకని చూడంగానే తెలిసిపోతుంది. నేనూ మా అల్లుడూ ఆడ కూర్చున్నాము. వారమంతా కంప్యూటరు ముందర వంగిపోయే పిల్లవాడు పాపం, ఈ రెండు రోజులకోసమే బతుకుతాడు. శుక్రవారం పొద్దున్నించే యాడికి పోదాము, ఏం తిందాము అని ఫోనులో వెతుక్కుంటా ఉంటాడు. అంతలో వాళ్ళ చిన్నాయన కొడుకు ఫోను చేసి, ఆదివారం పిల్లల్తో ఇంటికొస్తామని చెప్తున్నట్టుంది. మా అల్లుడు పాప్‌కార్న్ నములుతానే, "అయ్యో అన్నా, మేము ఊర్లో లేము గదా" అనేసినాడు. అనేసి నా పక్క చూసి కొంచెం సిగ్గుపడినాడు. సిగ్గెందుకు నాయనా, ఆ విద్యలో నీకంటే నలభై ఏండ్లు పెద్దవాణ్ణి నేను, అనుకున్నాను. అతనికి చెప్పలేదు, మామగారి పరువు ఒకటుంటుంది గదా. మీరైతే నా ఈడువాళ్ళు, మీకు చెప్పేదానికేమి.

డెబ్బైల చివర్లో నేను తిరుపతిలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. మా ఓనరు క్రైస్తవుడు, ఆదివారం కుటుంబంతో చర్చికి పోయి వచ్చి బిరియానీ తిని పడుకునే మనిషి, కాబట్టి ఊర్లో అంగళ్ళన్నీ కిటకిటలాడే ఆదివారంనాడు మా స్టూడియోకు మాత్రం తాళం. ఆ కాలంలో మా ఊరివాళ్ళకు ఆదివారం గడిపే దారులు తక్కువేమీ కాదు. వానాకాలమైతే కపిలతీర్థంలో జలపాతం కింద తల పెట్టి నిలబడేది, ఎండాకాలమైతే మ్యాట్నీకి పోయి ఫ్యాను కింద సీటు కోసం కొట్లాడేది. సాయంత్రమైతే ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కోని రైల్వేస్టేషనులో సిమెంటు బెంచీమీద కూర్చుని, వచ్చే రైళ్ళనూ దిగే జనాన్నీ చూసేది. మదరాసు రైలొస్తే ఎవరి చీర ఎట్లుండాది, ఎవరి పెట్టె ఎంత లావుండాది అని ఆడవాళ్ళు చెప్పుకుంటా ఉంటే పొద్దుపోయేదే తెలిసేది కాదు. సుఖమే గదా అంటారు. సుఖమే, చుట్టాలు రాకపోతే.

తిరుపతిలో కాపురముండేవాడికి చుట్టాలు రాని ఆదివారం ఉండదు. మదరాసువాళ్ళకు ఆదివారమంటే తిరుపతి, తిరుపతివాళ్ళకు ఆదివారమంటే మదరాసువాళ్ళు. మదరాసువాళ్ళొక్కరేనా, పలమనేరువాళ్ళు, పుంగనూరువాళ్ళు, మా అత్తగారి వైపు సత్యవేడువాళ్ళు, వాళ్ళ వీధిలోవాళ్ళు, ఆ వీధిలోవాళ్ళకు తెలిసినవాళ్ళు. ఇంటికొచ్చి, స్నానాలు చేసి, ఉప్మా తిని, ఇంక పద పోదామనేది. ఊర్లో మనిషి ముందర నడవకుండా కొండెక్కితే దర్శనం దక్కదని వాళ్ళ నమ్మకం. నేను ముందర, వాళ్ళు వెనకాల. కొండకు బస్సులో ఎక్కించేది నేను, క్యూలో నిలబెట్టేది నేను, గుండు కొట్టేటప్పుడు ఏడ్చే బిడ్డల్ని పట్టుకునేది నేను. సాయంత్రానికి మా రెండు గదుల ఇంట్లో గంధం పూసుకున్న గుండ్లు వరసగా, బోర్లించిన కుండల మాదిరి పడుకుని ఉండేవి.

అట్లాంటి ఇంట్లోకి మా ఇంటామె కొత్తకోడలుగా కాలు పెట్టింది. సత్యవేడు పిల్ల, నోటికి భయం లేదు, నవ్వుకు కరువు లేదు. పెళ్ళైన వారానికి నన్ను అడిగింది ఒక్కటే, చంద్రగిరి కోట చూడాలని, అదీ మనమిద్దరమే పోవాలని. ఎంత దూరం, ఎర్రబస్సెక్కితే ముప్పావు గంట. అదెంత భాగ్యం, వచ్చే ఆదివారమే పోదామన్నాను. ఆ వచ్చే ఆదివారం ఐదు నెలలు రాలేదు. ప్రతి ఆదివారమూ ఆమె రవ్వ వేయిస్తా, నేను బస్సు వెతుకుతా గడిచిపోయింది. ఆఖరికి ఒక పొద్దు పొయ్యిముందర కూర్చోని, నవ్వకుండా చెప్పింది.

"ఏమయ్యా, నేను నిన్ను చేసుకున్నానా, సత్రాన్ని చేసుకున్నానా? వచ్చే ఆదివారం గూడా పోలేదంటే నేను సత్యవేడు పోతాను. నీకెప్పుడు పొద్దు దొరికితే అప్పుడు వచ్చి పిలుచుకపో."

నవ్వే మనిషి నవ్వకుండా చెప్తే ఇంక తప్పదు. ఈసారి ఇంద్రుడొచ్చినా సరేనని మాటిచ్చినాను. ఇంద్రుడు రాలేదు. శుక్రవారం స్టూడియోకు మా పెదనాయన దగ్గరనుంచి కార్డు వచ్చింది: ఆదివారం పొద్దున పదిమందితో వస్తున్నాము, నీవు ఇంట్లో ఉండవలెను, ఆశీస్సులు.

మా పెదనాయన అంటే ఎవరో చెప్పాలి. మా నాయన పోయినాక నన్ను పలమనేరులో పెంచింది ఆయనే. బడి వదిలేసిన నన్ను చెవి పట్టుకోని తిరుపతికి తెచ్చి స్టూడియోలో చేర్పించింది ఆయనే, సత్యవేడుకు నాలుగుసార్లు తిరిగి ఈ పిల్లతో పెళ్ళి చేసింది ఆయనే. అంతటివాడికి ఇంట్లో లేనని చెప్పేదెట్ల? ఈమెకు పోలేమని చెప్పేదెట్ల? ఎనిమిదో తరగతి బుర్ర కాబట్టి ఎవ్వరికీ ఏమీ చెప్పకుండా ఉండడమే మేలని తేల్చుకుంది. కార్డు జేబులో దాచేసినాను. ఆదివారం కోడి కూయకముందే తాళం వేసి, చిత్రాన్నం క్యారియరూ నీళ్ళచెంబూ పట్టుకోని, మా ఓనరు దయతలచి ఇచ్చిన కెమెరా మెడలో వేసుకోని, ఇంటామెను తొందర పెట్టి మొదటి బస్సెక్కించేసినాను. ఏమీ ఎరగని ఆమె, నా ఆత్రం చూసి నాకు తనమీద ఎంత ప్రేమో అని మురిసిపోయింది. పక్కింటి అవ్వ ఒక్కతే వాకిలి ఊడుస్తా, యాడికప్పా ఇంత పొద్దున్నే అనింది. మా ఇంటామె ఆనందంగా, చంద్రగిరికి అవ్వా, అని చెప్పేసింది. ఇంకొక మాట జారకముందే ఆమెను వీధి దాటించేసినాను.

చంద్రగిరిలో నాలుగు గంటలకు పైనే మహారాజులాగా ఉన్నాను. రాజమహలు చుట్టూ తిప్పినాను, తెలిసింది కొంచెం, తెలియనిది దండిగా చెప్పినాను. ఈ కిటికీలోనుంచి రాణిగారు నాలాంటి అందగాళ్ళను చూసేదని గూడా చెప్పినాను. ఆమె రొంబ బాగుండాది అని అన్నింటికీ నవ్వుతానే ఉండింది. పదకొండు గంటలప్పుడు, నీడలో గుడ్డ పరిచి, తినేముందు మహలు ముందర నిన్నొక ఫోటో తీస్తానని నేను కెమెరా విప్పుతా ఉంటే, కోట వాకిట్లోనుంచి గుండ్లు వచ్చినాయి.

ఒకటి కాదు రెండు కాదు, మొగ ఆడ పిల్లా జెల్లా పన్నెండు గుండ్లు, ఎండకు తళతళమంటా. వాటిముందర ఆజానుబాహువైన మనిషి, మెడలో తువ్వాలు, ఎడమపక్కకు కొంచెం ఒరిగి నడిచే నడక. అచ్చం మా పెదనాయన. అవ్వ చెప్పేసింది, వీళ్ళు నన్ను వెతుక్కోని ఈడికే వచ్చేసినారు! గుండు చేయించుకున్న మనిషిని గుర్తుపట్టడం నావల్ల కాదని నాకే తెలుసు. స్టూడియోలో జుట్టుతో ఫోటో తీయించుకోని గుండుతో వచ్చి అడిగేవాళ్ళకు కవర్లు మార్చి ఇచ్చి ఎన్నిసార్లు తిట్లు తిన్నానో. కానీ భయపడినవాడికి అవన్నీ గుర్తుకొస్తాయా? ఇప్పుడే వస్తానుండు అని చెప్పి, మహలు వెనకాల కూలిపోయిన గోడచాటుకు పరిగెత్తినాను.

అట్లా రెండు గంటలు. నెత్తిన ఎండ, మెడలో కెమెరా, కడుపులో ఆకలి. గోడలో ఒక రాయి ఊడిన సందులోనుంచి చూస్తే, ఆ జనమంతా మా ఇంటామె చుట్టూ కూర్చున్నారు. నవ్వులు వినబడుతున్నాయి. నా చిత్రాన్నం చేతులు మారుతూ ఉంది. వాళ్ళేదో పొట్లాలు విప్పి ఆమెకు పెడుతున్నారు. కొంతసేపటికి ఆమే లేచి, అందరినీ వెంటబెట్టుకోని మహలు చుట్టూ తిప్పుతా, నేను చెప్పిన రాణి కిటికీ కథే నాకంటే బాగా చెప్తా ఉంది. పెదనాయన నా కార్డు సంగతి చెప్పేసింటాడు, సాయంత్రానికి ఈమె సత్యవేడు బస్సెక్కుతుంది అని నేను లెక్కలేసుకుంటా ఉండగానే, ఆ పెద్దమనిషి ఏదో పనిమీద ఒంటరిగా నా గోడచాటుకే వచ్చేసినాడు.

ఇంక దాచేదేముంది. ఆయన మొగం చూసే ధైర్యం లేక ఆయన కాళ్ళమీద సాగిలబడి, పెదనాయనా, తప్పైపోయింది, నన్ను క్షమించు అని గట్టిగా పట్టుకున్నాను.

"లెయ్యప్పా, లెయ్యి. యావూరప్పా నీది? ఏం కష్టమొచ్చిండాది నీకు?"

గొంతు పెదనాయనది కాదు. తలెత్తి చూస్తే మీసం గూడా పెదనాయనది కాదు. ఆయన కోలారు పక్కనుంచి వచ్చిన రైతు. నిన్న దర్శనం చేసుకోని, ఈ పొద్దు చంద్రగిరి చూసుకోని ఊరికి పోయేవాళ్ళు. కాళ్ళమీద పడినవాణ్ణి ఊరికే పంపకూడదని, తువ్వాలు కొంగున ఉన్న లడ్డూలో ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టి, దేవుడున్నాడులే పో అని దీవించినాడు.

లడ్డూముక్కతో తిరిగొచ్చిన నన్ను చూసి మా ఇంటామె, యాడ పోయినావని అడిగింది. కార్డు తీసి ఇచ్చేసినాను, అంతా చెప్పేసినాను. ఆమె కార్డు చదివింది, ఆ గుండ్ల పక్క చూసింది, నా పక్క చూసింది. ఐదు నెలలు ఎదురుచూసిన ఆదివారం, మొగుడు గోడచాటున, తను కోలారువాళ్ళ మధ్యన. ఏడుస్తుందనుకున్నాను.

"పొద్దున వచ్చేవాళ్ళు కొండెక్కి, క్యూలో నిలబడి, గుండ్లు కొట్టించుకోని, దర్శనం చేసుకోని, పదకొండు గంటలకు చంద్రగిరిలో ఉంటారా? అంత బిరీన దేవుడే కొండ దిగలేడు గదయ్యా! ప్రతి వారమూ పోయేవాడివి, నీకు తెలీదా?"

అని, కోలారు ఆడవాళ్ళకు నా ఘనకార్యం మొత్తం చెప్పేసింది. కోట గోడలు అదిరేటట్టు నవ్వినారు. రీలులో మిగిలింది రెండు ఫోటోలు. ఒకటి సిగ్గుతో గురి తప్పి ఆకాశానికి పోయింది, రెండోదాంట్లో ఆమె ఒక్కతే కావాలని నేనంటే వినకుండా, పన్నెండు గుండ్ల నడుమ జడ ముందరికేసుకోని నిలబడింది.

సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి అసలు పెదనాయన అవ్వ ఇంటి అరుగుమీద కూర్చోని ఉన్నాడు. తలనిండా జుట్టుతో. పదిమందీ పొద్దున్నించీ ఆడనే ఉన్నారు, అవ్వ వండి పెడితే తిన్నారు. నువ్వు లేకుండా కొండెట్లెక్కుతామప్పా, ఏదో పనుండి పోయింటావులే అన్నాడు, కోపం లేకుండా. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నేను నోరు తెరిచేలోపల మా ఇంటామె ముందుకొచ్చి, తప్పంతా నాదే పెద్దమామా, చంద్రగిరి చూపించమని నేనే సతాయించి లాక్కుపోయినాను, అని తనమీద వేసుకుంది. మరునాడు స్టూడియోకు సెలవు పెట్టి అందరినీ కొండకు పిలుచుకుపోయినాను. ఆమె గూడా వచ్చింది. పెదనాయన గుండు కొట్టించుకోని వస్తే, ఈసారన్నా గుర్తుపట్టినావా అని నా చెవిలో అడిగింది. సత్యవేడుకు పోలేదు.

ఇప్పుడు పెదనాయన లేడు, ఆ అవ్వా లేదు. చుట్టాలున్నారు, వస్తానే ఉన్నారు తిరుపతికి. దర్శనం టికెట్టు ఫోనులోనే తీసుకుంటారు, రూము ఫోనులోనే, కారు ఫోనులోనే. ముందర నడిచేదానికి మనిషి అక్కర్లేదు. దర్శనమైపోయి చిత్తూరు దాటినాక ఫోను చేసి, వచ్చినాం చిన్నాయనా, టైము లేకపోయింది అంటారు. వాళ్ళ తప్పు కాదు, ఆ పొద్దు తాళం వేసి పారిపోయినవాణ్ణి నేనే గదా. ఏ ఆదివారం కోసం అంత అల్లాడినామో, అట్లాంటి ఆదివారాలు ఇప్పుడు వారానికి ఏడు వస్తున్నాయి. తలుపు తట్టేవాడు లేడు.

బెంగుళూరునుంచి వచ్చిన వారానికి, ఆదివారం పొద్దున కాఫీ తాగుతా మా ఇంటామెతో అన్నాను, ఈ పొద్దు ఎవరూ రారు, కార్డూ రాదు, అప్పుడు తప్పిపోయింది ఇప్పుడు తీర్చేస్తాను, మనమిద్దరమే చంద్రగిరి పోదాం పద అని. ఆమె లోటా కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇద్దరమే పోయి ఏం చేస్తామయ్యా? ఆ పొద్దు నువ్వు లేకపోయినా నాకు బ్రహ్మాండంగా పొద్దు పోయింది. జనం లేకపోతేనే పోదు."