అత్తగారి పేరు

ఇందిరాబాయి వయసు పంతొమ్మిది, పేరు మాత్రం ఎప్పుడో పోయిన ముసలమ్మది. ఆదోని అనాథాశ్రమానికి బియ్యమిచ్చే పత్తి షావుకారు తన తల్లి పేరు ఆ పిల్లకు పెట్టించాడు. పద్దెనిమిది నిండగానే ఆశ్రమం పంపేసింది. దసరా సెలవులకు కాలేజీ హాస్టలుకూ తాళం పడింది. బస్సులో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని పగలంతా ఎమ్మిగనూరు పోతుంది, వస్తుంది. రాత్రికి బస్టాండు బెంచీ. నిన్న ఆ బెంచీ మీంచి కూడా లేపేశారు.

అందుకే పొద్దున్నే షావుకారు ఇంటికి పోయింది. "హాస్టలు తెరిచేదాకా ఈడ ఉంటానమ్మా. అంట్లు తోముతా, బట్టలుతుకుతా." షావుకారు భార్య ఈశ్వరమ్మ జాలిగా తలూపి పేరడిగింది. వినగానే చెంపలేసుకుంది. "మా అత్త పేరు పెట్టుకున్న పిల్లతో ఎంగిలి గిన్నెలు తోమిస్తే కండ్లు పోవా తల్లీ!" నుదుట కుంకుమ దిద్ది, రవికె గుడ్డ, అరటిపండ్లు చేతిలో పెట్టి, గేటుదాకా వచ్చి సాగనంపి, గడియ వేసుకుంది.

మళ్ళీ బస్సు. పక్కన కూర్చున్న అవ్వ ఆ బొట్టునూ, ఆ గుడ్డనూ ముచ్చటగా చూసింది.

"ఇంటినించి వస్తాండావా పాపా? పండగ పూట ఇంకో నాలుగు దినాలు ఉండి రాకూడదా?"