ఖాసింబీ సాక్ష్యం

ఖాసింబీది రాయచోటి దగ్గర ఒక పల్లె. దూదేకుల వాళ్లు కాబట్టి ఇంట్లో మాట్లాడేది తెలుగే. పద్నాలుగేళ్ల కిందట ఖమీస్ ముషైత్‌లో ఒక సౌదీ ఇంట్లో వంటకు కుదిరింది. వచ్చిన కొత్తలో ఆమెకు మాట తోడు ఆ ఇంటి ముసలావిడ ఒక్కతే. కొండపల్లెలో పుట్టిన మనిషి, ఒక్క క్షణం నోరు మూయదు. ఖాసింబీకి అరబ్బీ నేర్పింది ఆవిడే. ఆవిడ పోయి ఆరేళ్లయినా ఆ తిట్లూ సామెతలూ ఖాసింబీ నోట్లో భద్రంగా ఉన్నాయి.

చదువు రాదు గానీ ఖాసింబీ విన్న మాట మరచిపోదు. ఎవరు ఏ రోజు ఏమన్నారో, అప్పుడు పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా కలిపి చెబుతుంది. అందువల్ల ఆ ఇంట్లో అబద్ధం ఎక్కువ రోజులు బతకదు. ఈ బాధ అందరికంటే ఎక్కువ పడ్డవాడు ఇంటి కొడుకు ముస్ఫిర్. పదేళ్లప్పటి నుంచి ఆమె చేతి వంట తిని పెరిగాడు. ఆమెను ‘ఖాలా’ అంటాడు, పిన్నీ అన్నట్టు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు. దక్షిణాన సరిహద్దు కొండల్లో ఒక చౌకీలో కాపలా ఉద్యోగం.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం, సెలవు కాని రోజున ముస్ఫిర్ ఇంటికొచ్చాడు. నేరుగా వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయల బుట్ట పక్కన కూలబడ్డాడు. పొద్దున్నే వాగు వెంట ఒక మనిషి వీపున మూట మోసుకుంటూ తనను దాటి పోతున్నాడనీ, భయమేసి కాల్చేశాననీ చెప్పాడు. తీరా చూస్తే మూటలో ఉన్నది తేనె డబ్బా. కాగితాలు లేకుండా యెమెన్ నుంచి తేనె అమ్ముకోవడానికి వచ్చినవాడు. తూటా డబ్బాను చీల్చుకుని భుజంలో దిగింది. ప్రాణానికి ముప్పు తప్పింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచి, భుజం సంగతి వదిలేసి తేనె ఎంత మిగిలిందని అడిగాడట. ఆ మాట చెప్పి నవ్వబోయి ముస్ఫిర్ ఏడ్చాడు. ఖాసింబీ తడి చేత్తోనే అతని తల నిమిరింది.

నాలుగు రోజులకు విచారణ మొదలైంది. తానివ్వబోయే వాంగ్మూలాన్ని ముస్ఫిర్ హాల్లో తల్లికి చదివి వినిపించాడు. ఆగమని మూడుసార్లు కేక వేశాడట, ఒకసారి గాల్లోకి కాల్చాడట, ఆ మనిషి నడుం దగ్గరికి చెయ్యి పోనిచ్చాడట. అలా రాయమన్నది అతని పై అధికారి. తల్లి ఊపిరి పీల్చుకుంది. టీ పళ్లెంతో వచ్చిన ఖాసింబీ మాత్రం, “మొన్న ఇట్ల చెప్పలేదే,” అంది.

ముస్ఫిర్‌కు కోపమొచ్చింది. వంట చేసుకునేవాళ్లకు కచేరీ సంగతులెందుకన్నాడు. ఆ రోజూ మర్నాడూ అతని పళ్లెంలో అన్నం ఉంది, మాంసం ఉంది, ఉప్పు లేదు. అతనూ ఉప్పు అడగలేదు.

కాగితం ఇవ్వడమైతే ఇచ్చేశాడు. కానీ విచారణాధికారి తాపీ మనిషి. డబ్బా తెప్పించి అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని వీపు నీ వైపుంటే నడుం దగ్గరి చెయ్యి నీకెలా కనిపించిందని అడిగాడు. ఈ సంగతి మొట్టమొదట ఎవరితో చెప్పావని రెండో ప్రశ్న. “మా ఖాలాతో,” అన్నాడు ముస్ఫిర్.

అలా ఖాసింబీకి పిలుపొచ్చింది. ముస్ఫిర్ తల్లి వంటింట్లోకి వచ్చి, ఏమీ గుర్తు లేదని చెప్పమని బతిమాలింది. పక్కింట్లో పనిచేసే కదిరి మహబూబ్బీకి అంతకంటే కంగారు. “అక్కా, నిన్ను పనికి తెచ్చుకున్న కఫీలు కొడుకు మీదనే చెప్తావా? దేశం ఇడిచిపొమ్మని ఖురూజ్ ముద్ర కొట్టిచ్చి విమానమెక్కిస్తారు,” అంది.

“ఎక్కిస్తే ఎక్కీనీలేమ్మే. రాయచోట్లో పొయ్యిలు లేవా?” అంది ఖాసింబీ. అన్నదే గానీ, ఆ పూట పప్పు మాడబెట్టింది. పద్నాలుగేళ్లలో అదే మొదటిసారి.

బయల్దేరేముందు ముస్ఫిర్‌నే అడిగింది. “నన్నేం చెప్పమంటావు నాయనా?”

అతను తలెత్తలేదు. “ఆ రోజు నీతో ఏం చెప్పానో అదే చెప్పు ఖాలా.”

ఇండియా ముస్లిం కదా అని విచారణాధికారి ఉర్దూ తెలిసిన లాల్ అహ్మద్ అనే ఆయన్ని దుబాసీగా పిలిపించాడు. ఆయన ఉర్దూలో అడిగిన మొదటి ప్రశ్నే ఖాసింబీకి సగం అర్థం కాలేదు. పాపం ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇమ్మని చెప్పి, తాను అరబ్బీలో మొదలుపెట్టింది. అది పుస్తకాల అరబ్బీ కాదు, కొండపల్లె ముసలమ్మల అరబ్బీ. అధికారి కాసేపు ముఖం బిగబట్టుకున్నాడు గానీ చివరికి నవ్వు ఆపుకోలేక, అచ్చం మా నానమ్మలా మాట్లాడుతున్నావన్నాడు.

తర్వాత నవ్వు మాని, కేక వేశానని ముస్ఫిర్ నీతో చెప్పాడా అని అడిగాడు.

“కేక వేసినానని చెప్పలేదు,” అంది ఖాసింబీ. “భయమేసిందని చెప్పినాడు. అప్పుడు పొయ్యి మీద మాంసం ఉడకతా ఉండింది.”

మాంసం సంగతి కూడా రాయాలా అని గుమాస్తా అడిగాడు. రాయమన్నాడు అధికారి.

మర్నాడు ముస్ఫిర్ తానే వెళ్లి పాత కాగితం వెనక్కి తీసుకుని, నిజం రాసిచ్చాడు. తుపాకీ పట్టినవాడు కాల్చడానికి భయమేసిందన్న కారణం ఒక్కటే చాలదని కోర్టు తేల్చింది. ఎనిమిది నెలల జైలు, ఉద్యోగం రద్దు, గాయపడ్డ మనిషికి పరిహారం. అబద్ధం రాయించిన పై అధికారి మీద వేరే కేసు నడిచింది.

ముస్ఫిర్ తల్లి ఖాసింబీతో మాట మానేసింది. అయితే ఆకలి మానలేదు కనుక హాల్లోంచి వంటింటికి ఫోన్లో వాయిస్ మెసేజీలు పంపేది. గోడకు ఇవతలి నుంచి ఖాసింబీ కూడా ఫోన్లోనే జవాబిచ్చేది. అక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు గడువు దగ్గరపడ్డప్పుడు మహబూబ్బీ రోజూ ప్రహరీ గోడ మీంచి తొంగిచూసింది. ఒక పొద్దున రెన్యువల్ అయిపోయిందని మెసేజీ వచ్చింది. దాని వెనకే, గురువారం జైలుకు వెళ్లాలి, తయారుగా ఉండు అని ఇంకొకటి.

జైల్లో ముస్ఫిర్ కాస్త చిక్కాడు. అక్కడ వంటలో సాయం చేస్తున్నాడట. మాంసం వేసి వండే కబ్సా అన్నం కుదరడం లేదు, ఎండు నిమ్మకాయ ఎప్పుడు వెయ్యాలి ఖాలా అని అడిగాడు. నీళ్లు మరిగినాక అంది ఖాసింబీ.

“కాదు, మాంసంతోపాటే,” అంది తల్లి.

“అట్లయితే చేదెక్కుతాదమ్మా.”

“మా అత్త చేస్తే చేదెక్కలేదే?”

“ఆమె గింజలు తీసేసేది. నువ్వు తీయవు.”

ముస్ఫిర్ ఒకసారి ఈమెనూ ఒకసారి ఆమెనూ చూస్తూ కూర్చున్నాడు. అంతలో గంట కొట్టారు. కాపలావాడు వచ్చి వేళయిందని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.