నా లెక్కలోని రాగి

ఇంకా కట్టని యంత్రానికి నేను లెక్కలు వేసేదాన్ని. కణాలను ఢీకొట్టించే ఆ కొలైడర్ ఏ దేశంలో వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. అయినా మూడు ఖండాల వాళ్లం ప్రతి మంగళవారం వీడియోలో కలిసేవాళ్లం. టెక్సస్‌లోని ప్లేనోలో మాకు అప్పుడు పొద్దున్న ఏడు గంటలు. డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క నా లాప్‌టాప్, ఇంకో పక్క మా అమ్మాయి లంచ్ బాక్స్.

యంత్రంలోని అయస్కాంతాలు విపరీతమైన చలిలోనే పనిచేస్తాయి. ఎక్కడైనా కాస్త వేడెక్కితే లోపలి శక్తినంతా రెప్పపాటులో బయటికి లాగెయ్యాలి, లేకపోతే తీగ మాడిపోతుంది. ఎంత త్వరగా లాగాలో చెప్పడమే, మేమంతా కలిసి రాస్తున్న డిజైన్ రిపోర్టులో నా చాప్టర్.

ఒక శనివారం పాత ఫైళ్లు సర్దుతుంటే నా తప్పు కనిపించింది. అయస్కాంతం తీగలో రాగి ఎంతో చెప్పే అంకె, మొదట్లో అనుకున్న పాత తీగది. వేడెక్కినప్పుడు తీగని కాసేపు కాపాడేది రాగే, కొత్తదానిలో అది తక్కువ. నేను రాసిచ్చిన వ్యవధిలో అది మాడి మసైపోతుంది. నా అంకె నమ్ముకుని అవతల జర్మనీ వాళ్లు ఆ శక్తిని బయటికి లాగే స్విచ్‌ల డిజైన్లు గీస్తున్నారు.

మా ఆయనకి చెప్పాను. మా ఇద్దరి వీసాలూ ఈ పని కోసమే ఇచ్చిన నా యూనివర్సిటీ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి, ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు.

"అప్రూవ్ అయ్యేదాకా ఆగు. ఇప్పుడు నోరు జారావంటే ముగ్గురం సూట్‌కేసులు సర్దుకోవాలి. ఆ మెషీన్ కట్టేసరికి మనం ఉంటామా ఏంటి?" అన్నాడు.

కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా, ఆ మాట నాకు నచ్చింది. అదే నాకు సిగ్గు.

ఆరు మంగళవారాలు మ్యూట్‌లో కూర్చున్నాను. అంతకుముందు జపాన్ నుంచి ఒక పెద్దావిడ నా ఒక్కో స్లైడ్‌కి నాలుగేసి ప్రశ్నలు వేసి ప్రాణం తీసేది. ఇప్పుడు థాంక్యూ అని ఊరుకుంటోంది. ఈమెయిళ్లు పలచబడ్డాయి. స్విచ్‌ల వాళ్లు ఒక మీటింగ్ నన్ను పిలవకుండానే పెట్టుకున్నారు. పీడ విరగడైందనుకున్నాను, తెలివితక్కువదాన్ని.

ఏడో వారం అంకె ఫైనల్ చేస్తామన్నారు. ఎవరైనా ఏమైనా అంటారా అని మీటింగ్ నడిపే అధ్యక్షుడు అడిగాడు. నా వేలు దానంతటదే మ్యూట్ తీసింది. తప్పు నాదేనని, రాగి అంకె పాతదని గడగడా చెప్పేశాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ పెద్దావిడ కెమెరా వైపు చూసి మెల్లగా అంది, "మాకు తెలుసు. రెండు నెలలు కావస్తోంది. ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవడం ఇక్కడి పద్ధతి. మీ కోసం ఎదురుచూశాం."

"పోయిన వారం దాకా ఆగి, మీ చాప్టర్ వేరేవాళ్లకి ఇచ్చేశాం. మిమ్మల్ని ఈ పని నుంచి తప్పించామని మీ యూనివర్సిటీకి ఈరోజు రాస్తున్నాం" అన్నాడు అధ్యక్షుడు, ఎంతో మర్యాదగా. తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు.

అమ్మాయిని స్కూల్లో దింపి మా ఆయన తిరిగొచ్చాడు. తాళాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. నా మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నువ్వేం చెప్పలేదు కదా?"

చెప్పానన్నాను. వాళ్లు ఎదురుచూసిన ఆ వారాల్లోనే చెప్పి ఉంటే ఉద్యోగం ఉండేదన్న సంగతి మాత్రం ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.