ఆయన పేరున ఇచ్చిన జవాబులు

తెనాలి ఐతానగర్‌లో శోభారాణి అంటే నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఏడో తరగతితో బడి మానేసింది. తెలుగు బైబిలు గడగడా చదువుతుంది గానీ ఇంగ్లీషు మాత్రం అక్షరాలు కూడబలుక్కోవడం వరకే. భర్త వినయ్ కుమార్ బాపట్ల అవతల ఒక రొయ్యల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే సూపర్‌వైజరు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని రైలెక్కితే మళ్ళీ దీపాలవేళకే ఇల్లు చేరేది. పంతొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి.

ఆయనకొక పట్టింపు ఉండేది. ఎవరైనా "వందనాలండీ" అంటే తిరిగి వందనం చెప్పకుండా కదిలేవాడు కాదు. స్కూటర్ మీద పోతూ పోతూ కూడా ఒక చెయ్యి వదిలేసి పైకెత్తేవాడు. వెనక కూర్చున్న శోభారాణి ఆయన భుజం గట్టిగా పట్టుకునేది.

"రెండు చేతులూ పెట్టి నడపండి. వాళ్ళేమీ అనుకోరులే" అనేది.

"వాళ్ళు అనుకోకపోయినా సరే, వందనం కింద పడనివ్వకూడదు శోభా" అనేవాడు.

మార్చిలో ఒక మంగళవారం డ్యూటీకి వెళ్తూ బాపట్ల స్టేషన్ మెట్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు మరి లేవలేదు.

ఆయనతో పాటు క్యారేజీ, ఫోను ఇంటికొచ్చాయి. క్యారేజీలో దోసకాయ పప్పు పెట్టింది పెట్టినట్టే ఉంది. దాన్ని కడిగి అటక మీద పడేసింది. ఫోను మాత్రం రోజూ చార్జింగ్ పెట్టేది.

ఆ ఫోన్లో ఉద్యోగస్థుల యాప్ ఒకటి ఉంది. ఎవరు ఎక్కడ పని చేస్తున్నారో, ఎక్కడ ఖాళీలున్నాయో అందులో రాసుకుంటారట. అందులో తెల్ల టోపీ, తెల్ల కోటు వేసుకున్న ఆయన ఫొటో ఉంది. పెళ్ళి ఫొటోలో కూడా అంత నవ్వు లేదు. శోభారాణి ఏనాడూ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. ఆయన్ని ఆ బట్టల్లో చూడాలంటే ఆ యాప్‌లోనే చూడాలి.

జూన్‌లో ఒకరోజు ఫోను వరసపెట్టి మోగింది. గుంటూరులో డిగ్రీ చదివే కూతురు హెప్సిబా ఆ ఆదివారం ఇంట్లోనే ఉంది. చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"నాన్న ఫ్యాక్టరీలో చేరి ఇరవయ్యేళ్ళు నిండాయని అందరూ అభినందనలు చెప్తున్నారమ్మా. వీళ్ళకి తెలీదు. ఇది శాశ్వతంగా మూసేద్దాం."

"ఉండనీవే."

"ఎందుకూ?"

"ఉంటే నీకేం అడ్డమొచ్చింది?"

హెప్సిబా ఫోను అక్కడే పెట్టేసింది. సాయంత్రం బస్సుకి హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

శోభారాణికి మనసాగలేదు. అంతమంది ఆయన్ని పలకరిస్తుంటే పలకకుండా ఎలా? ప్రతి మెసేజీ కింద చిన్న చిన్న గడుల్లో ఇంగ్లీషు జవాబులు తయారుగా ఉండేవి. ఏది నొక్కితే ఆ మాట వెళ్ళిపోతుంది. ఆవిడ ఎప్పుడూ మొదటి గడి నొక్కేది. ఆయన ఫొటో పక్కన ఆ మాట వెళ్ళి కూర్చునేది, అచ్చం ఆయనే అన్నట్టు. రోజూ టీ తాగి, చేతులు చీరకొంగుకి తుడుచుకుని, ఆ పని చేసుకునేది. హమ్మయ్య, కింద పడలేదు అనుకునేది. ఆ పది నిమిషాలే ఆవిడకి రోజంతటిలో కాస్త ఊపిరాడేది.

అక్టోబరులో ఒక మెసేజీ తెలుగులో వచ్చింది. అన్నిట్లోకి దాన్నొక్కదాన్నే ఆవిడ పూర్తిగా చదవగలిగింది.

"సార్, నేను రేపల్లె కుమారిని. మీ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం చూస్తారా అని అడిగితే తప్పకుండా అన్నారు. ఆ మాట మీద చీరాల దగ్గర రొయ్యపిల్లల హేచరీ వాళ్ళకి రానని చెప్పేశాను. రెండు నెలలు ఎదురుచూసి నిన్న మీ గేటు దగ్గరికి వెళ్ళాను. మీరు మార్చిలోనే పోయారని వాచ్‌మన్ చెప్పాడు. మరి నాకు జవాబిచ్చింది ఎవరు సార్?"

శోభారాణి మూడుసార్లు చదివింది. దాని కింద కూడా గడులు వచ్చాయి. ఈసారి వేలు ముందుకు పోలేదు. కూతురికి ఫోన్ చేసింది.

"నువ్వేమైనా నొక్కావా అమ్మా?"

"మొదటిది."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"ఎలా మూయాలో చెప్తాను, ఇప్పుడే మూసెయ్. ఆ అమ్మాయి మనల్ని ఏమీ అడగట్లేదుగా" అంది హెప్సిబా.

"జవాబిచ్చిందెవరని అడిగింది కదే" అంది శోభారాణి.

అదే యాప్‌లో కుమారిని అడిగి హెప్సిబా అడ్రసు కనుక్కుంది, మూసేటప్పుడు కావాలని పాస్‌వర్డ్ కూడా తల్లి చేత చీటీ మీద రాయించింది. మర్నాడు శోభారాణి రేపల్లె ప్యాసింజర్ ఎక్కింది. ఫోను సంచిలో పెడితే మనసు ఒప్పుకోక ఒళ్ళో పెట్టుకుంది.

నిజాంపట్నం రోడ్డులో రేకులిల్లు. అరుగు మీద కుమారి తల్లి అంకాలమ్మ ఎండుచేపలు ఏరుతోంది. వచ్చిందెవరో తెలిశాక చేట పక్కన పెట్టి కిందనించి మీదకి చూసింది.

"చచ్చిపోయినాయన పేరుతో మాటలంపింది నువ్వేనా?"

"నేనే అక్కా."

"మా పిల్ల రెండ్రోజులుగా ముద్ద ముట్టలేదమ్మా! దెయ్యం మాట్లాడిందని తాయెత్తు కట్టించా. తీరా చూస్తే జరీ అంచు చీర కట్టుకుని రైలు దిగొచ్చావు."

కుమారి లోపల్నించి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. మెళ్ళో నల్లదారం, దానికి ఆ తాయెత్తు.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా" అంది శోభారాణి. "నిన్ను మోసం చేద్దామని కాదు. ఆయన్ని ఎవరన్నా పలకరిస్తే పలక్కుండా ఉండలేకపోయాను. అంతే. తప్పు నాదే."

కుమారి గోడకి చేరబడింది. "ఆ హేచరీలో వేరే అమ్మాయిని పెట్టేసుకున్నారు ఆంటీ" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆయన స్నేహితుడు వీరరాఘవయ్య గారు ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నారు. ఆయన్ని అడిగి చూస్తాను తల్లీ."

"వద్దాంటీ. అడిగి చూస్తాననే మాట మళ్ళీ వినలేను."

శోభారాణి ఫోను ముందుకు జరిపింది. "ఇంకా ఎవరెవరికి ఏం చెప్పానో చదివి పెట్టవా?"

కుమారి ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పింది. చాలావరకు అభినందనలకి ధన్యవాదాలే. కుమారి కాక ఏడుగురు మాత్రం పని అడిగినవాళ్ళు. అందరికీ అదే మాట వెళ్ళింది, తప్పకుండా అని. ఒకడికి పెళ్ళయి నెల కాలేదట. ఒకావిడకి ఇద్దరు పిల్లలట. వింటున్నకొద్దీ శోభారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంకాలమ్మ లేచివెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"నేను చెప్తాను, రాయమ్మా. వినయ్ కుమార్ గారు మార్చిలో ప్రభువునందు నిద్రించారు. మీకు మాటిచ్చింది ఆయన కాదు, చదువురాని ఆయన భార్య. ఆయన్ని నమ్మినట్టు ఆ మాటని నమ్మొద్దు. క్షమించండి."

కుమారి ఏడుగురికీ పంపింది. "రెండ్రోజులు ఆగండి ఆంటీ, ఏమంటారో చూసి మూయొచ్చు" అంది.

"ఆగితే నేను మూయలేను."

కుమారి ఎక్కడెక్కడో నొక్కుతూ పోయింది. "ఎందుకు మూస్తున్నారని అడుగుతోంది. కారణాలు వరసగా ఇచ్చారు. ఏది పెట్టమంటారు?"

"మొదటిది మాత్రం పెట్టకమ్మా. అన్నీ చదువు."

మెసేజీలు ఎక్కువొస్తున్నాయి, ఉపయోగం లేదు, ఇంకో ఖాతా ఉంది అంటూ చదివింది. మనిషి లేడు అనేది అందులో లేదు. చివర్లో వేరే కారణం అని ఉంటే అదే పెట్టి, చీటీ చూసి పాస్‌వర్డ్ కొట్టింది. ఆఖరి మీట ఎక్కడుందో చూపించింది. శోభారాణి తెల్ల టోపీ ఫొటోని ఒకసారి చూసుకుంది. నొక్కింది.

సరిగ్గా అప్పుడే ఫోను పైభాగంలో ఒక మెసేజీ మెరిసింది. మరుక్షణం ఫొటో పోయింది, ఆ మెసేజీ కూడా పోయింది.

"ఏంటమ్మా అది?"

"బర్నబాస్ అని, ఆ ఏడుగురిలో ఒకడు. 'వందనాలమ్మా, వినయ్ సార్ నాకు' అన్నంతవరకే చదివాను ఆంటీ." కాస్త ఆగింది. "పధ్నాలుగు రోజుల్లోపు పాస్‌వర్డ్ కొడితే మళ్ళీ తెరుచుకుంటుందట. కావాలంటే..."

శోభారాణి పాస్‌వర్డ్ చీటీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచింది.

ఇంటికొచ్చాక ఆ బర్నబాస్ ఆవిడని నిద్రపోనివ్వలేదు. వినయ్ సార్ నాకు అన్నాడు. ఏం చేశాడు నీ వినయ్ సార్? పని ఇప్పించాడా, తిట్టాడా, క్యారేజీలో ముద్ద పెట్టాడా? రోజూ చీటీ తీసేది, మడతలు విప్పేది. తెరిస్తే ఒక్క బర్నబాస్‌తో ఆగదని, మళ్ళీ టీ వేళకి వేలు మొదటి గడి మీదికే పోతుందని తనకి తెలుసు. చూసుకుని మళ్ళీ మడిచేసేది.

పదిహేనో రోజు ఆదివారం. ప్రార్థన అయ్యాక గుడి మెట్ల దగ్గర ఎవరో "వందనాలండీ శోభారాణిగారూ" అన్నారు. ఆవిడ రెండు చేతులూ ఎత్తి వందనం చెప్పింది. ఇంటికొచ్చాక ఫోను చార్జింగ్ పెట్టలేదు.