వయసు పెరిగిన నగరం

పిరమోస్ నదికి రెండు గట్ల మీదా చక్రవర్తి ఒకడే గాని, సంవత్సరం మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. ఎవరి వైభవం మొదలైన నాటినుంచి వాళ్లు లెక్కపెట్టుకుని నాణేల మీద వేసుకుంటారు. నాణేల అచ్చులు చెక్కే రోండాస్ అవతలి గట్టున పుట్టి, ఇవతలికి ఇల్లరికం వచ్చినవాడు. నాలుక కొస పంటికింద పెట్టుకుని, ముందు కోటగోడను కిరీటంగా ధరించిన నగరదేవతను, తర్వాత ఆమె పాదాల కింద ఈదుతున్న మనిషి రూపంలో నదిని చెక్కుతాడు. సంవత్సరం మాత్రం చివర్లో, ఆకలి మీద వేస్తాడు. ఈసారి ఆ ఆకలిలో పుట్టినూరి సంవత్సరం వేసేశాడు. నాణేలు సంతకెళ్లేదాకా ఎవరూ చూడలేదు.

నగరపెద్ద మెనోదొరోస్ ఊగిపోతూ వచ్చాడు. "ఏరా ఇల్లరికం అల్లుడా, నా ఊరి నాణెం మీద నీ ఊరి సంవత్సరమా? చేతులు నరికిస్తా!"

రోండాస్ చేతులు వెనక్కి దాచుకున్నాడు. "పొరపాటు అయ్యగారూ, దిద్దేస్తాను. నలభై ఏళ్లేగా ఎక్కువ పడ్డాయి."

"నలభయ్యా?" పెద్దాయన గొంతు తగ్గింది. "అంటే పండగల్లో మనమీద పెద్దరికం చూపించే పొరుగు రేవుపట్నం వాళ్లకంటే మనమే పెద్దవాళ్లమా? పండగ ఊరేగింపులో ముందు నడవాల్సింది మనమేనా?"

"నాణెం ప్రకారం అంతేనండి."

మెనోదొరోస్ అచ్చులోని దేవతను చాలాసేపు పరీక్షగా చూశాడు. "సంవత్సరం ముట్టుకోకు. ఇంత వయసొచ్చిన ఊరికి పడుచుపిల్లలాంటి అమ్మవారంటే ఎవడు నమ్ముతాడు? ఆవిణ్ణి కాస్త ఒళ్లు చెయ్యనీ."