పద్మనాభయ్య గారి ‘యెస్’

కోవూరులో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేక పద్మనాభయ్య మేష్టరయ్యాడు. బిట్రగుంటలో రైల్వే గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. దొరల కింద పనిచేశానని చెప్పుకోవడమే ఆయన చదువంతా. రోహిణి ఎండల్లో కూడా కోటు విప్పడు. ఆ కోటు చూసే దర్జీ యెహోషువ మోసపోయి, ఎస్సెల్సీ ప్యాసైన తన కూతురు కరుణాకుమారిని ఆయన వసారాలో కూర్చోబెట్టాడు. నెల్లూరు ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరుగుతుంది మరి.

“వాళ్ళు ఏది అడిగినా యెస్ అను. నో అన్నావంటే పొగరనుకుంటారు” అన్నాడు పద్మనాభయ్య.

“ప్రశ్న అర్థం కాకపోతే, అయ్యవారూ?”

“అర్థంతో నీకేం పనిమే? వుడ్ యు అని మొదలుపెడితే అది మర్యాద. మర్యాదకు యెస్సే జవాబు.”

1961 వేసవిలో ఇంటర్వ్యూ జరిగింది. “వుడ్ యు మైండ్ వర్కింగ్ ఎట్ నైట్?” అని మేట్రన్ నవ్వుతూ అడిగింది. “యెస్ మేడమ్” అంది కరుణ. రోగుల దుప్పట్లు ఉతకడం గురించి అలాగే అడిగినా యెస్, హాస్టల్లో ఉండడం గురించి అడిగినా యెస్. మేట్రన్ నవ్వు మాయమైంది. వెళ్ళి రమ్మంది.

బయట వరండాలో సంగతి విన్న నర్సు రెబెక్కమ్మ తల పట్టుకుంది. “ఇక్కడ మైండ్ అంటే మనసు కాదు తల్లీ. రాత్రిళ్ళు పనిచేసేదానికి నీకేమన్నా అభ్యంతరమా అని అడిగినారు. యెస్ అంటే అభ్యంతరమనే. చేస్తానని చెప్పాలంటే నో, నాట్ ఎట్ ఆల్ అనాల.”

కరుణ బస్సు దిగి నేరుగా వసారాకు పోయి, విన్నది విన్నట్టు చెప్పింది. పద్మనాభయ్య ముఖం పాలిపోయింది. మరుక్షణమే సర్దుకున్నాడు.

“నీ ఉచ్చారణ బాగలేదు. దర్జీ ఇంట్లో పుట్టినదానికి నాలుక ఎట్ట తిరగద్ది?”

వసారాలో చదువుకుంటున్న మిగతా పిల్లలు నవ్వారు. అంతవరకూ ఆమెకు ఉన్నది కోపమే. ఇప్పుడది పోయి ఏవగింపు మిగిలింది.

“నాకు తెలీదని ఒక్కమాట చెప్పుంటే సరిపోయేది, అయ్యవారూ” అని లేచింది.

ఏడాదిపాటు ఆదివారాలు చర్చిలో ఆరాధన అయ్యాక రెబెక్కమ్మ దగ్గర చదివి, మళ్ళీ వెళ్ళి సీటు తెచ్చుకుంది. పద్మనాభయ్య సిగ్గు లేకుండా “నా శిష్యురాలు” అని ఊరంతా చాటాడు. కొత్తవాళ్ళకు అదే పాఠం చెబుతూ వచ్చాడు. ఒకసారి బస్సులో కనబడి, “ఏమ్మా, మన పేరు నిలబెట్టినావు” అన్నాడు. కరుణ కిటికీవైపు తిరిగింది.

కొన్నేళ్ళకు ఆయన పోయాడు. తండ్రి పోరు పడలేక కరుణ వెళ్ళి, పదిమందితోపాటు కాసేపు నిలబడింది. “ఎంతమందికి విద్య పెట్టిన మనిషో!” అని ఎవరో కంటతడి పెట్టారు. కరుణ మాత్రం ఊ కొట్టలేదు. డ్యూటీకి వేళైందని బయల్దేరింది.